కల్చర్ రిపోర్టు నుంచి జీవో దాకా: యాంటీబయాటిక్ నిరోధకత లెక్కలతో విధానం రూపొందించడం ఎలా

పెద్ద ప్రభుత్వాసుపత్రి మైక్రోబయాలజీ విభాగం నుంచి ఏడాదికి వేల కల్చర్ రిపోర్టులు (రోగి నమూనాలో ఏ బ్యాక్టీరియా పెరిగిందో, అది ఏ మందుకు లొంగుతుందో చెప్పేవి) బయటికొస్తాయి. ఒక్కోటీ ఒక రోగి కేస్‌షీట్‌లో చేరి, డిశ్చార్జి తర్వాత రికార్డు రూముకు వెళ్లిపోతుంది. అదే జిల్లాలోని పీహెచ్‌సీలకు వచ్చే ఏడాది ఏ యాంటీబయాటిక్ ఎంత కొనాలో తేల్చే అధికారి ముందు తరచుగా పోయినేడాది ఇండెంటు (కొనుగోలు కోరే పత్రం) తప్ప ఇంకేమీ ఉండదు. ఈ రెండింటినీ ఎలా కలపాలో ఇక్కడ చెబుతున్నాం. మైక్రోబయాలజిస్టులు, సూపరింటెండెంట్లు, ఆస్పత్రి ఫార్మసీ సిబ్బంది, జిల్లా, రాష్ట్ర స్థాయి ప్రజారోగ్య అధికారులు దీన్ని దగ్గర పెట్టుకుని పని మొదలుపెట్టవచ్చు.

2019లో మందులకు లొంగని, అంటే నిరోధక బ్యాక్టీరియా నేరుగా కారణమై ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. నిరోధకతపై మన దేశపు తొలి జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2017లో వచ్చింది. రాష్ట్రాల్లో కేరళ 2018లో అందరికంటే ముందు తన ప్రణాళిక తెచ్చుకుంది. ప్రణాళికలకు కొరత లేదు. వాటిలోని ఒక్కో వాక్యానికి మన ఊరి లెక్క ఏమంటోందో చెప్పగలిగేవాళ్లే కావాలి.

1. ముందు నిర్ణయం రాసుకోండి, తర్వాతే లెక్క తీయండి

చాలాచోట్ల పని తలకిందులుగా జరుగుతుంది. ఉన్న డేటా అంతా పోగేసి, అరవై పట్టికల నివేదిక అచ్చువేసి, దీన్నిబట్టి ఏదైనా విధానం చేయండని పైకి పంపుతారు. చదివే అధికారికి అందులో తను సంతకం పెట్టాల్సినది ఏమిటో కనిపించదు. అందుకే మొదటి రోజే ఒక కాగితం మీద ఒక్క వాక్యం రాయండి: ఎవరు, ఎప్పటిలోగా, ఏది మార్చాలి? ఉదాహరణకు, "జిల్లాలోని పీహెచ్‌సీలలో మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కు మొదటి మందుగా సిప్రోఫ్లాక్సాసిన్ కొనసాగించాలా, నైట్రోఫ్యురాంటోయిన్‌కు మారాలా? వచ్చే కొనుగోలు ఇండెంటు లోపు తేలాలి."

ఇలా రాయగానే ఏ డేటా కావాలో దానంతటదే తేలుతుంది. పై ప్రశ్నకు ఐసీయూ రక్తం కల్చర్లు పనికిరావు, ఓపీకి వచ్చిన ఆడవాళ్ల మూత్రం కల్చర్లు కావాలి. నవజాత శిశువుల విభాగంలో సెప్సిస్‌కు ఏ మందుతో మొదలుపెట్టాలన్నది ప్రశ్నయితే ఆ వార్డు రక్తం కల్చర్లే కావాలి, పెద్దల లెక్కలు కలపకూడదు. మందుల షాపుల నియంత్రణ అయితే నిరోధకత శాతాల కంటే అమ్మకాల లెక్కలు ముఖ్యం. టీకా ప్రవేశపెట్టాలా అన్నది అయితే ఎంతమందికి జబ్బు వస్తోందన్నది కూడా తెలియాలి, శాతం ఒక్కటీ చాలదు.

టైఫాయిడ్ చరిత్ర దీనికి మంచి నిదర్శనం. పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్‌లో 2016 నవంబరు నుంచి క్లోరాంఫెనికాల్, ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్, ఫ్లోరోక్వినోలోన్లతో పాటు సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ కేసులు బయటపడ్డాయి. అజిత్రోమైసిన్, మెరోపెనెమ్ లాంటి ఒకటి రెండు దారులే మిగిలాయి. అక్కడ రక్తం కల్చర్లు చేసి, కేసులను పటం మీద గుర్తించబట్టే ఇది కొత్త రకమని, మురుగు కలిసిన నీటితో ముడిపడిందని తెలిసింది. ఆ లెక్కలు కొత్త మందు కొనుగోలుతో ఆగలేదు, టీకాకు దారితీశాయి. 2019 నవంబరులో టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను సాధారణ టీకాల కార్యక్రమంలోకి ప్రపంచంలో మొట్టమొదట తెచ్చిన దేశం పాకిస్తాన్, మొదలుపెట్టింది సింధ్‌లో. వాడిన టీకా మన హైదరాబాద్‌లో తయారైన టైప్‌బార్ టీసీవీ.

2. ల్యాబు ఇచ్చే అంకె నమ్మదగినదేనా?

దీన్ని దాటవేసి ముందుకు వెళ్లకండి. ల్యాబులో జరిగే తప్పు ఒక రోగితో ఆగదు, ఏడాది మొత్తం శాతాన్ని ఒకే వైపు లాగేస్తుంది.

డిస్క్ పద్ధతిలో బ్యాక్టీరియా పూసిన ప్లేటు మీద మందు బిళ్లలు పెట్టి, చుట్టూ పెరుగుదల ఆగిన వలయాన్ని, అంటే జోన్‌ను కొలుస్తారు. అది వాడే ల్యాబులో ఇవి చూడండి. బ్యాక్టీరియాను పెంచే ముల్లర్ హింటన్ అగార్ పొర మందం 4 మిల్లీమీటర్లు ఉండాలి. పల్చగా పోస్తే జోన్లు పెద్దవై నిరోధక బ్యాక్టీరియా కూడా లొంగినట్టు కనిపిస్తుంది, మందంగా పోస్తే దానికి వ్యతిరేకం. బ్యాక్టీరియా ద్రావణం 0.5 మెక్‌ఫార్లాండ్ అనే ప్రామాణిక చిక్కదనంలో ఉండాలి. కంటి అంచనాతో చిక్కగా చేస్తే జోన్లు చిన్నవవుతాయి. ద్రావణం తయారైన 15 నిమిషాల్లో ప్లేటు మీద పూయాలి, పూసిన 15 నిమిషాల్లో డిస్కులు పెట్టాలి. తర్వాత సుమారు 35 డిగ్రీల వద్ద 16 నుంచి 18 గంటలు ఉంచాలి. డిస్కుల సీసాలను ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి రాకముందే మూత తెరిస్తే లోపల తేమ చేరుతుంది. మన తీర ప్రాంతపు ఉక్కలో ఈ ఒక్క కారణంతోనే పెన్సిలిన్ లాంటి బీటా లాక్టమ్ మందుల డిస్కులు బలం కోల్పోతాయి. అప్పుడు లేని నిరోధకత పుట్టుకొస్తుంది.

నాణ్యత పరీక్షకు ఏటీసీసీ 25922 ఈ.కోలై, ఏటీసీసీ 25923 స్టాఫిలోకోకస్ ఆరియస్, ఏటీసీసీ 27853 సూడోమోనాస్ అనే ప్రామాణిక స్ట్రెయిన్లు ఉండాలి. వాటి జోన్లు నిర్దేశిత హద్దు దాటిన వారాల ఫలితాలను విధాన విశ్లేషణలో కలపకండి. ఈ నాణ్యత పరీక్షల రిజిస్టరు లేని ల్యాబు డేటాను రాష్ట్ర లెక్కలోకి తీసుకోకపోవడమే మేలని మా అభిప్రాయం. తప్పుడు అంకె కంటే ఖాళీ గడి నయం.

చివరి మందుగా దాచుకునే కొలిస్టిన్ విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. ఆ మందు అణువు పెద్దది, అగార్‌లో సరిగా వ్యాపించదు, కాబట్టి మామూలు డిస్క్ జోన్ చూసి చెప్పే ఫలితానికి విలువ లేదు. మందును ద్రవంలో పలుచన చేస్తూ చూసే బ్రాత్ మైక్రోడైల్యూషన్ లాంటి ఆమోదిత పద్ధతి ఉండాలి. ల్యాబు పరీక్షల ప్రమాణాలు నిర్ణయించే అమెరికా సంస్థ సీఎల్‌ఎస్‌ఐ 2020 నుంచి కొలిస్టిన్‌కు "లొంగుతుంది" అనే వర్గాన్నే తీసేసింది. డిస్కుతో పరీక్షించి "కొలిస్టిన్‌కు 98 శాతం లొంగుతోంది" అని రాసిన నివేదిక కనిపిస్తే ఆ వరుస కొట్టేయండి.

3. మిల్లీమీటర్లు దాచండి

చాలా రిజిస్టర్లలో ఎస్ (లొంగుతుంది), ఐ (మధ్యస్థం), ఆర్ (నిరోధకం) అని మూడక్షరాలే ఉంటాయి. అది పెద్ద నష్టం. 2019లో ఈ.కోలై వంటి ఎంటరోబ్యాక్టరేల్స్‌కు సిప్రోఫ్లాక్సాసిన్ హద్దులను సీఎల్‌ఎస్‌ఐ మార్చింది. అంతకుముందు 21 మి.మీ. జోన్ ఉంటే లొంగినట్టే, ఇప్పుడు 26 ఉండాలి. అంటే 23 మి.మీ. జోన్ ఉన్న ఐసోలేట్ (నమూనాలో పెరగగా వేరుచేసి గుర్తించిన బ్యాక్టీరియా) పాత లెక్కలో ఎస్, కొత్త లెక్కలో ఐ. అక్షరాలు మాత్రమే దాచిన ఆస్పత్రిలో ఆ ఏడాది నిరోధకత అమాంతం పెరిగినట్టు గ్రాఫు గీస్తారు. బ్యాక్టీరియా మారలేదు, కొలబద్ద మారింది. కొలతలు దాచుకుంటే పాత ఏళ్లన్నిటికీ కొత్త హద్దు వేసి చూడొచ్చు.

దీనికి డబ్ల్యూహెచ్‌వో ఉచితంగా ఇచ్చే హూనెట్ సాఫ్ట్‌వేర్ చాలు. బ్యాక్టీరియాను పరీక్షించే వైటెక్ లాంటి యంత్రాల డేటానో, ఎక్సెల్ ఫైలునో బ్యాక్‌లింక్ అనే దాని తోడు ప్రోగ్రాంతో లోపలికి తెచ్చుకోవచ్చు. ఒక్కో ఐసోలేట్‌కు ఈ వివరాలు తప్పనిసరి: రోగి గుర్తింపు సంఖ్య, వయసు, లింగం, వార్డు, చేరిన తేదీ, నమూనా తీసిన తేదీ, నమూనా రకం, బ్యాక్టీరియా పేరు, ఒక్కో మందుకు జోన్ కొలత లేదా ఎంఐసీ (పెరుగుదలను ఆపే కనీస మందు గాఢత) విలువ, వాడిన ప్రమాణం పేరు, సంవత్సరం.

చేరిన తేదీని చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే ఇంటి నుంచి వచ్చిన ఇన్ఫెక్షన్‌నూ ఆస్పత్రిలో అంటుకున్నదాన్నీ విడదీయలేరు. చేరిన రెండు రోజుల్లోపు తీసిన నమూనా అయితే బయటిదని, ఆ తర్వాతది ఆస్పత్రిదని డబ్ల్యూహెచ్‌వో ప్రపంచ నిరోధకత నిఘా వ్యవస్థ, గ్లాస్, పద్ధతి లెక్కిస్తుంది. మరో ఆస్పత్రి నుంచి రిఫరై వచ్చినవారు ఈ లెక్కలో "బయటి" ఖాతాలో పడిపోతారు. మన పెద్దాసుపత్రుల్లో వాళ్ల సంఖ్య తక్కువ కాదు కాబట్టి "రిఫరల్: అవును/కాదు" అనే గడి ఒకటి పెట్టండి.

4. డేటా కడగడం

ఒక వార్డులో 50 క్లెబ్సియెల్లా రిపోర్టులు ఉన్నాయనుకోండి. వాటిలో 20 ఇద్దరు రోగులవే, వారాల తరబడి ఐసీయూలో ఉండి పదేసి సార్లు కల్చర్ పంపినవి, అన్నీ నిరోధకమే. మిగతా 30 రిపోర్టులు 30 మందివి, వాటిలో 18 పరీక్షించిన మందుకు లొంగాయి. అన్నీ కలిపితే 50లో 18, అంటే 36 శాతం. రోగికి ఒక్కటే లెక్కిస్తే 32లో 18, అంటే 56 శాతం. 36 చూసిన కమిటీ ఇంకా బలమైన మెరోపెనెమ్ అడుగుతుంది, 56 చూసినది ఇంకా ఆలోచిస్తుంది.

ఆస్పత్రి యాంటీబయోగ్రామ్‌కు, అంటే ఏ బ్యాక్టీరియా ఏ మందుకు ఎంత శాతం లొంగుతోందో చూపే పట్టికకు, సీఎల్‌ఎస్‌ఐ ఎం39 మార్గదర్శక పద్ధతి వాడండి: విశ్లేషణ కాలంలో ఒక రోగి నుంచి ఒక జాతి బ్యాక్టీరియా తొలి ఐసోలేట్ ఒక్కటే, అది ఏ నమూనా నుంచి వచ్చినా సరే. గ్లాస్‌కు పంపే లెక్కలో నమూనా రకానికి ఒకటి చొప్పున తీసుకుంటారు. ఈ రెండు పద్ధతుల అంకెలు సరిపోలవు, ఒకే గ్రాఫులో కలపకండి.

తర్వాత తీసేయాల్సినవి: ముక్కు, చర్మం స్వాబుల్లాంటి స్క్రీనింగ్ నమూనాలు. గోడలు, పరికరాల నుంచి తీసినవి. ఒక్క రక్తం సీసాలోనే పెరిగిన కోయాగులేజ్ నెగటివ్ స్టాఫిలోకోకస్, ఎందుకంటే అది ఎక్కువసార్లు చర్మం మీది మలినమే.

అన్నిటికంటే మోసం చేసేది వరుస పరీక్ష. ఖరీదైన మందు డిస్కును మిగతావాటికి లొంగని ఐసోలేట్లకే పెట్టడం ల్యాబుల అలవాటు. 400 ఐసోలేట్లలో మొండివి 60 ఏరి వాటికే ఓ మందు పరీక్షించారు, 15 లొంగలేదు. పట్టికలో 25 శాతం నిరోధకత అని పడుతుంది. మొత్తం 400 పరీక్షించి ఉంటే అంకె వేరేగా ఉండేది. కాబట్టి ఒక్కో గడిలో "ఎన్ని పరీక్షించాం" అన్న సంఖ్య వేయండి. ఒకే జాతిలో మందు మందుకూ ఆ సంఖ్య బాగా తేడాగా ఉంటే ఆ మందు శాతాన్ని ప్రచురించకండి.

5. ఎవరు లెక్కలోకి రాలేదు?

డేటా శుభ్రమైనా అది ఎవరి డేటా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. విధానానికి అసలు ప్రమాదం ఇక్కడే.

మన దగ్గర కల్చర్ ఎప్పుడు పంపుతారు? తరచుగా ఆర్‌ఎంపీ దగ్గర ఒక కోర్సు, ప్రైవేటు నర్సింగ్‌హోంలో ఇంకో కోర్సు వాడి, తగ్గక పెద్దాసుపత్రికి వచ్చాక. మందుకు లొంగే బ్యాక్టీరియా ఉన్నవాళ్లు అప్పటికే కోలుకుని ఇంట్లో ఉంటారు, ల్యాబుకు చేరేది మొండి బ్యాక్టీరియాయే. పైగా యాంటీబయాటిక్ మొదలుపెట్టాక తీసిన రక్తంలో లొంగే రకాలు పెరగనే పెరగవు. ఐసీఎంఆర్ 2013లో మొదలుపెట్టిన నిఘా వలయం ఎక్కువగా పెద్దాసుపత్రుల మీదే ఆధారపడింది. దాని ఇటీవలి వార్షిక నివేదికల్లో క్లెబ్సియెల్లాలో సగం కంటే తక్కువ మాత్రమే మెరోపెనెమ్ కోవకే చెందిన ఇమిపెనెమ్‌కు లొంగుతున్నాయి. ఆ అంకె ఆ ఆస్పత్రులకు నిజం. దాన్ని తీసుకెళ్లి మండల కేంద్రంలో జ్వరం వచ్చిన మనిషికి అంటగడితే, అవసరం లేని చోట చివరి మందులు వాడమని మనమే చెప్పినట్టవుతుంది.

దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. పీహెచ్‌సీ ప్రశ్నకు పీహెచ్‌సీలోనే చిన్న సర్వే చేయండి. నాలుగైదు కేంద్రాలు ఎంచుకుని, మూత్రంలో మంట, పదేపదే వెళ్లాల్సి రావడం లాంటి లక్షణాలతో వచ్చిన ప్రతి వయోజన మహిళ నుంచీ వరుసగా, ఎవర్నీ వదలకుండా, మందు ఇవ్వకముందే నమూనా తీయండి. "డాక్టరుకు అనుమానం వచ్చినవాళ్లు" అనే షరతు పెట్టారో, మళ్లీ అదే పక్షపాతం దొంగదారిన వస్తుంది. లొంగే శాతం 80 చుట్టూ ఉంటుందనుకుని, అటూ ఇటూ 10 శాతం తేడాతో తెలిస్తే చాలనుకుంటే 62 ఐసోలేట్లు కావాలి. 5 శాతం తేడాతో తెలియాలంటే 246. ముగ్గురిలో ఒకరికి కల్చర్ పాజిటివ్ వస్తుందనుకుంటే మొదటిదానికి సుమారు 190 నమూనాలు. మూత్రం నమూనా గది వేడిలో గంటల తరబడి ఉంటే మలినం పెరిగి లెక్క చెడుతుంది. ఐస్ బాక్సులో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చే బాధ్యత ఎవరిదో ముందే రాసిపెట్టుకోండి.

6. చిన్న సంఖ్యల విషయంలో నిజాయితీ

30 ఐసోలేట్లలోపు ఉన్న జాతికి శాతం వేయొద్దన్నది ఎం39 నియమం. 30 ఉన్నా అంకె గట్టిదని అనుకోవద్దు. 30లో 24 లొంగితే 80 శాతం, కానీ 95 శాతం విశ్వాస అవధి (అసలు శాతం ఉండే అవకాశమున్న హద్దులు) 63 నుంచి 90 దాకా. 300లో 240 లొంగినా అదే 80, అవధి మాత్రం 75 నుంచి 84. పోయినేడాది 80, ఈ ఏడాది 72 అయిందని కంగారుపడే ముందు రెండు అవధులూ పక్కపక్కన పెట్టి చూడండి. సంఖ్య చాలకపోతే రెండేళ్లవి కలపండి, లేదా పక్క జిల్లా ఆస్పత్రితో కలిసి లెక్కించండి. కలిపినట్టు పట్టిక కింద రాయండి.

7. బ్యాక్టీరియా పట్టికను జబ్బు పట్టికగా మార్చండి

మామూలు యాంటీబయోగ్రామ్‌లో ఈ.కోలైకి ఇంత, క్లెబ్సియెల్లాకు ఇంత అని ఉంటుంది. రోగి వచ్చినప్పుడు డాక్టరుకు బ్యాక్టీరియా పేరు తెలియదు, జబ్బు మాత్రమే తెలుసు. అందుకే ఆ జబ్బులో ఏ బ్యాక్టీరియా ఎంత వంతో దాన్నిబట్టి తూచాలి. ఊహా అంకెలతో చూద్దాం. మూత్రనాళ ఇన్ఫెక్షన్‌లో ఈ.కోలై 60 శాతం, క్లెబ్సియెల్లా 20, ఎంటరోకోకస్ 10, మిగతావి 10. నైట్రోఫ్యురాంటోయిన్‌కు అవి లొంగేది వరుసగా 90, 50, 85, 20 శాతం. గుణించి కూడితే 54 + 10 + 8.5 + 2, అంటే 74.5. ఈ మందుతో మొదలుపెడితే వందలో 74 లేదా 75 మందికి సరిపోతుంది, ఇదే రక్షణ శాతం. ఇదే లెక్క ప్రతి మందుకూ, రెండు మందుల జోడీకీ వేయండి. కమిటీ ముందు పెట్టాల్సింది ఈ పట్టికే.

8. వాడకం లెక్క పక్కనే పెట్టండి

నిరోధకత ఒక్కటే చూపిస్తే "అయితే ఇంకా బలమైన మందు కొందాం" అన్న ఒకే జవాబు వస్తుంది. ఎంత వాడుతున్నామో పక్కన కనిపిస్తే చర్చ మారుతుంది.

కొలమానం డీడీడీ, అంటే ఆ మందుకు డబ్ల్యూహెచ్‌వో నిర్ణయించిన సగటు రోజు మోతాదు. సెఫ్ట్రియాక్సోన్‌కు అది 2 గ్రాములు. ఆస్పత్రి నెలకు 1 గ్రాము వయల్స్ 6,000 వాడితే 3,000 డీడీడీలు. ఆ నెల మొత్తం పడకల రోజులు (రోజూ నిండిన పడకల మొత్తం) 10,000 అయితే వంద పడకల రోజులకు 30 డీడీడీలు. పిల్లల వార్డుకు ఈ లెక్క కుదరదు, బరువును బట్టి మోతాదు మారుతుంది కాబట్టి అక్కడ ఎన్ని రోజులు మందు ఇచ్చారో లెక్కించండి. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎంఎస్‌ఐడీసీ, తెలంగాణలో టీజీఎంఎస్‌ఐడీసీ ద్వారా మందులు వస్తాయి కాబట్టి సరఫరా లెక్క దొరుకుతుంది. గోదాము నుంచి వెళ్లిన మందు, రోగికి చేరిన మందు ఒకటి కావు. గడువు తీరి పోయినవి, స్టాకులో మిగిలినవి తీసేయాలి.

ఆ డీడీడీలను డబ్ల్యూహెచ్‌వో అవేర్ వర్గీకరణ ప్రకారం విడగొట్టండి. అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్, నైట్రోఫ్యురాంటోయిన్, జెంటామైసిన్ ముందు వాడదగిన యాక్సెస్ వర్గం. సెఫ్ట్రియాక్సోన్, సెఫిక్సిమ్, అజిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ జాగ్రత్తగా వాడాల్సిన వాచ్ వర్గం. కొలిస్టిన్, లినెజోలిడ్ చివరికి దాచుకోవాల్సిన రిజర్వ్. 2030 నాటికి మొత్తం వాడకంలో యాక్సెస్ వాటా ప్రపంచవ్యాప్తంగా 70 శాతానికి చేరాలని 2024 ఐక్యరాజ్యసమితి ప్రకటన లక్ష్యం పెట్టింది. మీ జిల్లా ఎక్కడుందో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి.

బయటి అమ్మకాలకు 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 ఒక ఆధారం. సెఫలోస్పోరిన్లలో మూడో, నాలుగో తరం మందులు, మెరోపెనెమ్ లాంటి కార్బపెనెమ్‌లు అందులో ఉన్నాయి. అమ్మినప్పుడు రాసిన డాక్టరు, రోగి, మందు, పరిమాణం వివరాలు వేరే రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు ఉంచాలి. ఔషధ నియంత్రణ శాఖ ఇన్‌స్పెక్టర్లు కొన్ని షాపుల హెచ్1 రిజిస్టరును కొనుగోలు బిల్లులతో పోల్చితే ఎంత మందు నమోదు కాకుండా బయటికెళ్లిందో తెలుస్తుంది. ఈ పోలిక ఎక్కువ శ్రమ లేనిది, నియంత్రణ విధానానికి నేరుగా అక్కరకొచ్చేది.

9. అంకె నుంచి నిర్ణయానికి

ఏ శాతం దాటితే మందు మార్చాలి? అమెరికా ఇన్ఫెక్షన్ నిపుణుల సంఘం మామూలు మూత్రాశయ ఇన్ఫెక్షన్‌లో కోట్రైమాక్సజోల్‌కు నిరోధకత 20 శాతం, కిడ్నీ ఇన్ఫెక్షన్‌లో ఫ్లోరోక్వినోలోన్లకు 10 శాతం అన్న గీత పెట్టింది. సెప్సిస్‌లో తప్పితే ప్రాణం పోతుంది కాబట్టి ఎక్కువ రక్షణ కోరుకుంటాం. మూత్రంలో మంటలో తప్పితే రెండు రోజుల్లో మార్చుకోవచ్చు, కాబట్టి గీత సడలించవచ్చు. ఈ గీతను అంకెలు చూడకముందే కమిటీలో నిర్ణయించి మినిట్స్‌లో రాయండి. చూశాక నిర్ణయిస్తే అప్పటికే ఇష్టమైన మందు వైపు గీత జరుగుతుంది.

ఇక్కడ తరచుగా జరిగే తప్పు ఒకటుంది. లొంగే శాతం పడిపోయిందనగానే మందు మార్చేస్తారు. ముందు ఆ నిరోధక ఐసోలేట్లను వార్డు, తేదీల వారీగా వరుస పెట్టి చూడండి. అన్నీ ఒకే నవజాత శిశువుల వార్డువై, నాలుగు వారాల్లో వచ్చి, అన్ని మందుల వరుసలోనూ ఒకే తీరు చూపిస్తే అది ఒక వ్యాప్తి. దానికి జవాబు చేతుల శుభ్రత, సక్షన్ గొట్టాలు, పంచుకుని వాడుతున్న ఐవీ ద్రవాల సీసాలు, పడకల మధ్య దూరం. అక్కడ మందు మార్చితే ఆ బ్యాక్టీరియా వార్డులోనే ఉండి కొత్త మందుకూ అలవాటుపడుతుంది. వేర్వేరు వార్డుల్లో, వేర్వేరు తీరులతో, నెలల మీద నెమ్మదిగా పెరిగిందైతే అది వాడకం తెచ్చిన మార్పు, అప్పుడు చికిత్స మార్గదర్శకాలను తిరగరాయాలి.

నిర్ణయాధికారికి పంపే నోటు రెండు పేజీలు దాటకూడదు. మొదటి పేరాలో కోరే నిర్ణయం, దాని గడువు. తర్వాత మూడు దారులు, వాటిలో ఒకటి "ఏమీ మార్చకపోతే". ఒక్కో దారికి జబ్బు వారీ రక్షణ శాతం, అవధితో సహా. ప్రస్తుత రేటు కాంట్రాక్టు ధరతో ఏడాది ఖర్చు. డేటా పరిమితులు రెండు వాక్యాల్లో, తప్పించుకోకుండా. చివర ఏ ఫైలులో, ఎవరి ఉత్తర్వుతో అమలవుతుందో. ఖర్చు వరుస లేని నోటు ఆర్థిక విభాగం నుంచి ప్రశ్నతో తిరిగొస్తుంది, ఆ లోపు ఇండెంటు గడువు దాటిపోతుంది.

గడువు గురించి మరో మాట. జనవరి నుంచి డిసెంబరు డేటా తీసుకుని ఫిబ్రవరి ఆఖరుకు పట్టికలు సిద్ధం చేయడం సాధ్యమే. మీ రాష్ట్ర ఇండెంటు, బడ్జెట్ ప్రతిపాదనల తేదీలు ముందుగా కనుక్కుని, వెనక్కి లెక్కపెట్టుకుని పని పంచండి.

10. ఆస్పత్రి గోడ దాటి

పశువులు, చెరువులు, కాలువల డేటా వేరే శాఖల దగ్గర, వేరే రూపంలో ఉంటుంది. దేశంలో రొయ్యల సాగులో ముందున్నది ఆంధ్రప్రదేశ్. ఎగుమతుల కోసం క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అవశేషాల పరీక్షలు జరుగుతూనే ఉంటాయి. కానీ అవశేషం లేకపోవడమంటే నిరోధకత లేదని కాదు. కోతకు ముందు మందు ఆపేస్తే అవశేషం పోతుంది, చెరువులో నిరోధక విబ్రియో బ్యాక్టీరియా మిగులుతుంది. విధానం కోసమైతే హేచరీలు, చెరువుల నీటి నుంచి బ్యాక్టీరియా పెంచి పరీక్షించాలి. మత్స్య, పశు రంగాల్లో నిరోధకతపై నిఘాకు ఐసీఏఆర్ నడిపే ఇన్‌ఫార్ వలయం పద్ధతులను అనుసరిస్తే అంకెలు ఇతర రాష్ట్రాలతో పోల్చదగినవి అవుతాయి.

హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరు కథ డేటా ఉండీ విధానం రాకపోతే ఏమవుతుందో చెబుతుంది. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొస్తున్న నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో ప్రచురించారు. నిరోధకతను పెంచకుండా ఉండటానికి పరిశోధకులు సూచించే హద్దు లీటరుకు 0.06 మైక్రోగ్రాముల దగ్గర ఉంది. అంటే హద్దుకు నాలుగైదు లక్షల రెట్లు. 2020 జనవరిలో కేంద్రం వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాల పరిమితులతో ముసాయిదా తెచ్చింది, 2021 తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. 2024 సెప్టెంబరులో డబ్ల్యూహెచ్‌వో యాంటీబయాటిక్ తయారీ వ్యర్థజలాలపై మార్గదర్శకాలు ఇచ్చింది కాబట్టి, అడిగేవాళ్లకు ఇప్పుడు చేతిలో ఒక ప్రమాణముంది. కాలుష్య నియంత్రణ మండలికి పంపే నోటులో నమూనా ఏ పాయింటు దగ్గర, ఏ సమయంలో తీశారో తప్పక రాయండి. గొట్టం లోపలి నమూనా, కాలువలో కలిశాక తీసిన నమూనా ఒక్కలా ఉండవు.

11. విధానం పనిచేసిందో లేదో కొలవడం

కోళ్లు, పశువులు, ఆక్వాలో కొలిస్టిన్ వాడకాన్ని మన దేశం 2019 జులైలో నిషేధించింది. చైనా అంతకు ముందే, 2017లో, పశువుల మేతలో పెరుగుదల కోసం కలపడాన్ని ఆపింది. అక్కడ నిషేధానికి ముందునుంచే కొలవడం మొదలుపెట్టారు. అందుకే మనుషుల్లో కొలిస్టిన్ నిరోధకత తెచ్చే ఎంసీఆర్-1 జన్యువు మోసేవారు 2016లో 14.3 శాతం ఉంటే 2019లో 6.3 శాతానికి తగ్గారని చూపించగలిగారు. ముందటి కొలత లేనిచోట ఎంత మంచి ఉత్తర్వు ఫలించినా నిరూపించలేం.

కాబట్టి ఉత్తర్వు రాకముందు కనీసం 12 నెలల, వచ్చాక 12 నెలల నెలవారీ అంకెలు ఉంచుకోండి. మూడు గీతలు గీయండి: మందు వాడకం, నిరోధకత శాతం, పదివేల పడకల రోజులకు నిరోధక ఇన్ఫెక్షన్ల సంఖ్య. మూడోది ఎందుకంటే, కల్చర్లు పంపడం తగ్గితే శాతం ఒక్కటీ ఎటైనా పోవచ్చు. అందుకే వెయ్యి పడకల రోజులకు ఎన్ని రక్తం కల్చర్లు పంపారో గ్రాఫు కింద రాయండి. వాడకం నెలల్లో కదులుతుంది, నిరోధకత కదలడానికి ఏళ్లు పట్టవచ్చు, కొన్నిసార్లు మందు ఆపినా తగ్గదు, ఎందుకంటే నిరోధక జన్యువులు ఒకే ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాల మధ్య మారే డీఎన్‌ఏ వలయం) మీద మరో మందు నిరోధకతతో కలిసి ప్రయాణిస్తాయి. ఏడాది తర్వాత వాడకం గీత కూడా కదలకపోతే లోపం ఉత్తర్వులోది కాకపోవచ్చు. ముందుగా గోదాముకు వెళ్లి, మార్గదర్శకంలో రాసిన మొదటి మందు పీహెచ్‌సీలకు ఆ పన్నెండు నెలల్లో ఎన్ని నెలలు నిజంగా అందిందో స్టాకు రిజిస్టరులో చూడండి.